ఉప్పు గీతలు

స్టేడియం గోడకానుకొని నా ఇస్త్రీ బండి.
బొగ్గులు రాజేసే యాళకి
శేషాచలం ఇంకా నీలంగానే ఉంటుంది.
గోడకవతల
కానిస్టేబులు పరీక్షకు పరిగెత్తే పిల్లకాయల అడుగులు,
బండమీద దుప్పట్లు ఉతికినట్టు
దబ్ దబ్ దబ్.

నేను పరిగెత్తను.
మోకాళ్ళు రెండూ ఎప్పుడో ఈ పెట్టెకే ఇచ్చేసినాను.
కానీ పరిగెత్తిన గుడ్డల్ని చదవగలను.

వీపు నడిమధ్య తెల్లటి వంకరగీత ఉంటే
అది నూలు బనీను.
తాగింది తాగినట్టు దాచుకుంటుంది,
మూడో రౌండుకి తడిగోనెలా బరువెక్కి
చంకల్లో ఒరుసుకుంటుంది.
ఈ జాలీ టీషర్టుకి గీతలే ఉండవు,
గాలికి వెయ్యి కిటికీలు తెరుచుకొని కూర్చుంది.
కంపు మాత్రం మూడు ఉతుకులకీ పోదు,
పెట్టె తగలంగానే నిద్రలేస్తుంది.
దానికి కాగితం అడ్డం పెట్టాల,
లేకుంటే బెల్లంపాకమే.

నీళ్ళు చిలకరించి పెట్టె ఆనిస్తే
సుయ్‌మని ఆవిరి లేస్తుంది.
పోతా పోతా
వేడిని కూడా చంకనెత్తుకొని పోతుంది.
ఒంటిమీదా ఇంతేనని
హేమాద్రికి చెప్పినాను.

పాకాల నుంచి వచ్చినోడు,
నల్ల ప్లాస్టిక్ జాకెట్టు మెడదాకా జిప్పు లాగి
రోహిణి కార్తెలో పరిగెత్తేవాడు.
చెమట కారితే కొవ్వు కారినట్టేనంట,
రూమ్మేటు చెప్పినాడంట.
"కారిన చెమట నేలకి, అబ్బయ్యా,
ఆరిన చెమటే నీకు.
దాన్ని ఆరనియ్యి."
నవ్వినాడు.
ఇస్త్రీ తాతకి సైన్సు కూడా వచ్చునే అన్నాడు.

పెట్టె కాలిందా లేదా అని
చెంప దగ్గర పెట్టుకొని చూసే అలవాటు నాది.
ఆ పొద్దు ఎనిమిదింటికి
గేటు దగ్గర పడిపోయినవాడి మెడకి చెంప ఆనిస్తే
అదే వేడి.
నన్ను చూసి
వాళ్ళ అమ్మతో మాట్లాడినట్టు ఏదో మాట్లాడినాడు.
బ్లేడుతో జాకెట్టు చీరేసినాను.
లోపల వాన, బయట చుక్క లేదు.
చిలకరించే బిందె మొత్తం గుమ్మరించి
లెక్చరరమ్మ దుప్పటి తడిపి కప్పి
అట్టముక్కతో విసిరినాను, ఆటో వచ్చేదాకా.
రుయాలో మూడు రోజులున్నాడు.
దుప్పటి డబ్బులు ఆమె అడగలేదు,
నేనూ గుర్తు చెయ్యలేదు.

రెడ్డిరాణిది ఇంకో కత.
వాళ్ళ నాయన పాత తెల్లచొక్కా వేసుకొని వస్తుంది,
ఇద్దరు పట్టేంత వదులు.
అడుగు వేసినప్పుడల్లా అది
కొలిమితిత్తి మాదిరి గాలి పీల్చి వదుల్తా ఉంటుంది.
ఎండ ఎంత కాసినా ఆ చొక్కాలో ఒక వసారా ఉంది.
చున్నీతోనే వస్తుంది, వీధి దాటాల గదా.
ఎండకంటే చూపులు మందం,
ఆ పొరకి నా దగ్గర ఇస్త్రీ లేదు.
గేటు ముందర చున్నీ తీసి నా చేతికిస్తుంది,
మాట ఉండదు.
మడిచి, అప్పుడే కాల్చిన చొక్కాల నడుమ పెడతాను.

మార్గళిలో మాత్రం
పరుగు ఆపంగానే తడిచొక్కా ఆమెమీద పగబట్టింది.
కొండగాలి తగిలి పండ్లు టకటక కొట్టుకుంటా వచ్చింది.
వెచ్చగా ఉన్న చున్నీ తీసిస్తే
మెడకి రెండు చుట్లు చుట్టి
కళ్ళు మూసుకొని నిలబడింది.
పొద్దున బరువైన గుడ్డే.
అప్పుడు మాత్రం ఎవరికోసమో కప్పుకున్నట్టు లేదు.

ఫలితాలు ఇంకా రాలేదు.
హేమాద్రి ఇప్పుడు తెల్లారక ముందే వస్తాడు,
చేతుల్లేని బనీనుతో,
నన్ను చూడనట్టు చూస్తా పోతాడు.
ఆ నల్లజాకెట్టు వద్దన్నాడు.
చీరిన చోట గోనెదారంతో కుట్టి
బొగ్గుల మూటకి కప్పినాను.
వానకి బాగా పనికొస్తుంది.
బొగ్గులకి చెమట పట్టదు గదా.