మడమ

మంగళవారం. పలాసలో జీడి బట్టీల వెనక
అంగన్‌వాడీ గది. పొట్టి బల్ల మీద
హార్మోనియం పెట్టెంత మిషను,
దానికి ఒక పాదం పట్టేంత గుంట.
డాక్టరు రాడు. రావలసిన పనీ లేదు.
రిజిస్టరు నాది, జెల్ సీసా నాది,
ఎవర్ని శ్రీకాకుళం పంపాలో తేల్చే సంతకమూ నాదే.

ముందు చేతులే చాపుతారు.
జీడిరసం తినేసిన వేళ్లు,
ఏ మిషనూ ముద్ర ఒప్పుకోని వేళ్లు.
"ఇది రేషను మిషను కాదమ్మా, కాలు పెట్టు."
అప్పుడు సిగ్గుపడుతూ మడమ ఇస్తారు.
పగుళ్లలో బట్టీ మసి.
తుడిచి జెల్ రాస్తే
"సల్లగుంది" అని చిన్నపిల్లల్లా నవ్వుతారు.

సీపాన దాలమ్మకి యాభై ఆరు.
ముప్పై ఎనిమిదికే గర్భసంచి తీయించేశారు.
"పోయిన కార్తీకంలో బకెట్టెత్తితే
మణికట్టు పుటుక్కుమంది సిస్టరమ్మా.
బకెట్టు నిండా కూడా నేదు."

తెర మీద మైనస్ మూడు పాయింట్ ఒకటి.
"మైనస్సంటే ఏటి? అప్పా?"

శిక్షణలో నేర్పిన వాక్యం ఒకటి ఉంది నా దగ్గర.
అది బయటికి తియ్యలేదు.
"అప్పే. కానీ వాడుకున్నది నువ్వు కాదు."
"మరి తీర్చీది ఎవులు?"

చీటీ రాశాను: పెద్దాసుపత్రి, పెద్ద మిషను.
చోడంబలి మానొద్దు.
తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నడవొద్దు.
బట్టీలోకి వెళ్లేముందు కాస్త ఎండ.
(ఇది రాస్తుంటే నాకే నవ్వొచ్చింది.
తెల్లారకుండానే బట్టీ తలుపు తెరుస్తారు.)

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.
"ఇంకో మాట. ఈ మజ్జిన చీరలు పొడుగొస్తన్నాయి.
అయ్యే చీరలు, అయ్యే కుచ్చిళ్లు,
కింద మాత్రం నేల ఊడుస్తంది.
ఉతికితే సాగుతాయేటి?"

గోడ మీద పిల్లల ఎత్తు కొలిచే జిరాఫీ బొమ్మ.
దాని పక్కన నిలబెట్టాను.
జిరాఫీ మెడ సగం కూడా దాటలేదు.
పెళ్లిలో మొగుడి చెవి అందేదట.
ఇప్పుడు భుజం.

రిజిస్టర్లో దీనికి గడి లేదు.
స్కేలు పెట్టి ఎర్ర గీత ఒకటి గీశాను,
పైన "చీర" అని రాశాను.

తర్వాతి ఆమె కాలు పెట్టకముందే అడిగాను:
"నీ చీర నేలకి తగులుతోందా?"

వరసలో ఉన్న ఏడుగురూ
ఒక్కసారే
కిందికి చూసుకున్నారు.