బెత్తెడు

కాశీబుగ్గ మెయిన్‌రోడ్డు మీద
ఏసీ కొట్లోకి
చెప్పులు విప్పి ఎక్కితే
"ఏసుకునే రావొచ్చు పిన్నీ"
అన్నాడు గుంటడు.
పేరు తేజేశ్వర్రావట,
మందస నుంచి వస్తాడట.

ముందు పళ్ళెమంత ఫోను
అద్దం మీద పెట్టాడు.
"ఇప్పుడిదే పోతంది.
సినిమా చూసుకో,
బొమ్మ ఎంత పెద్దదో!"
చేతిలోకి తీసుకున్నాను.
బొటనవేలు చాపితే
నడిమికే చాలింది.
అవతలి అంచు
సోంపేటంత దూరం.

"మరేటి,
రెండు చేతుల్తో పట్టుకోవాల."

రెండో చెయ్యి
నాకెప్పుడు ఖాళీ బాబూ?
తెల్లారి ఆటోలో
పదకొండు మందిమి,
ఒక చెయ్యి కమ్మీకి.
బట్టీలో
ఒక చెయ్యి పిక్కకి,
ఒకటి మిషను పిడికి.
ఇంటికొచ్చాక గరిటెకి.

"చిన్నది చూపించు."
"చిన్నదా?" అని
నవ్వలేదు గాని
నవ్వినట్టే
కింద అరకి వంగాడు.
దుమ్ము తుడిచి
ఒకటి తీశాడు.
పోయినేడాది సరుకు,
ఇదొక్కటే మిగిలిందట.
"బేటరీ పూటే వస్తాది.
అక్షరం చీమ తలకాయంత.
ధర మటుకు పిన్నీ
పెద్దదానికంటే
ఎనిమిదొందలు ఎక్కువ."

అక్కడ ఆగాను.
పద్దెనిమిదేళ్ళుగా నా పని
పప్పు సైజు చూడడం.
నూట ఎనభై ఒక బుట్ట,
రెండొందల పది ఒకటి,
మూడొందల ఇరవై ఒకటి.
బద్ద వేరే, నూక వేరే.
పెద్ద గుండుకి పెద్ద ధర,
దేవుడు దిగొచ్చినా మారదు.
చిన్నదానికి ఎక్కువేటి?

"ఇలాటివి అడిగేవోళ్ళు లేరు.
కంపినీలు చెయ్యడం మానేశాయి"
అన్నాడు.

అంగుళాలు నాకు తెలీవు.
వేళ్ళు ఆనించి కొలిచాను.
వెడల్పు బెత్తెడు లేదు,
పొడుగు జానెడు లేదు.
రొంటిన దోపుకునే
వక్కల సంచిలో పెట్టాను.
దిగిపోయింది.
మూతికి ముడి కూడా
పడింది.

డబ్బు లెక్కపెట్టాను.

అప్పుడు ఆ ఫోను
వేలిముద్ర అడిగింది.
బొటనవేలు పెట్టాను. కాదంది.
తుడిచి పెట్టాను. కాదంది.
చూపుడువేలు. కాదంది.
అంత చల్లటి కొట్లో
గుంటడికి చెమట పట్టింది.
"ఫోను తప్పు కాదు
నాయనా, జీడిసొన.
ముద్రలు తినేసి
చాలా కాలమైంది.
రేషను మిషను కూడా
నెల నెలా
నాను నాను కాదంటాది."

వాడు నా వేళ్ళు చూశాడు.
కాసేపు మాట్లాడలేదు.
"పోనీ పిన్నీ,
నాలుగంకెలు చెప్పు."
తిత్లీ తుపాను ఏడాది
చెప్పాను.
ఎందుకని అడగలేదు,
మందసోడు కదా.
(ఇప్పుడు మీకూ తెలిసిపోయింది.
మార్చుకోవాల.)

మర్నాడు బట్టీలో
బమ్మిడి చిట్టెమ్మ
"అగ్గిపెట్టె కొన్నావేటే దాలీ!"
అంటే
అందరూ నవ్వారు.
నానూ నవ్వాను.
దానిది పెద్ద ఫోను.
కూడు తినే వేళకి
పొర తీసేవోళ్ళు కూడా
దాని చుట్టూ మూగుతారు.
బొమ్మ బాగుంటాది,
అబద్ధమెందుకు,
నానూ మెడ చాపుతాను.

రాత్రి చాప మీద
వెల్లకిలా పడుకుని
ఒంటి చేత్తో పట్టుకుంటే
బొటనవేలు
మూలమూలకీ పోయొస్తాది,
వాకిలి ఊడ్చినట్టు.

చీమ తలకాయ కనపడక
అక్షరం పెద్దది చేసుకున్నాను.
దాంతో తెర ఇరుకైంది.
లైనుకి మూడు మాటలు,
మహా అయితే నాలుగు.
ఈ రాత ఇలా
ముక్కలు ముక్కలుగా ఉందంటే
పద్యమని కాదు.
అంతకంటే పట్టలేదు.

రాస్తున్నది ఆ వేలే,
ముద్ర లేనిది.

గుంటడితో ఇంకో మాట
చెప్పాలనుకున్నాను,
కొట్లో గుర్తు రాలేదు.
ఏటంటే

వాడన్నట్టే
బేటరీ ఎర్రబడింది.