తిరుగు నాడె

డే అండ్ నైట్ జంక్షన్లో, రాత్రి పది దాటాక,
మూడు టెస్లాల అయస్కాంతం ముందు
ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది దాలమ్మ.
పొందూరు మనిషి. నలభై ఏళ్ల మగ్గం.
రెండు రోజులుగా కుడిచెయ్యి మాట వినటం లేదు.

"తల కదపకమ్మా" అన్నాను.
"మగ్గం కాడ కదిలితే నేత సాగుద్దేటి బాబూ" అంది.

వేగంగా తీయాలి,
ఊపిరికీ ఊపిరికీ మధ్య తలంతా చదివేయాలి.
ఒక వరస ఎడమ నుంచి కుడికి,
మరు వరస కుడి నుంచి ఎడమకి,
ధడధడమని, ఎక్కడా ఆగకుండా.

తెర మీద దాలమ్మ తల.
దాని మీదికి సగం, కిందికి సగం జరిగి
ఇంకో దాలమ్మ, పలచగా,
ఆరేసిన చీర వెనక నిలబడ్డట్టు.
కొత్త కుర్రాడు యుగంధర్ కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.
మా చదువులోనూ దాన్ని దెయ్యమనే అంటారు.

పోయేటప్పటి లెక్క ఒకటి, వచ్చేటప్పటిది ఒకటి.
తేడా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేదు.
సరి వరసకీ బేసి వరసకీ పొసగకపోతే
ఒక తల రెండవుతుంది.

బొమ్మ ఊసెత్తకుండా
ఒకే దారిలో మూడుసార్లు అటూ ఇటూ నడిపించి
తిరుగు ప్రయాణం ఎంత తప్పుతోందో కొలిచాను.
వాలుగ దవడతో పత్తి దువ్వినట్టు
వరస వరసా దువ్వి సర్దాను.
రెండో దాలమ్మ వెళ్లిపోయింది.

నుదురు మాత్రం గుమ్మడిలా సాగే ఉంది.
ముక్కు వెనకాల గాలీ ఎముకా కలిసేచోట
అయస్కాంతం వంగుతుంది.
బలం ఎక్కువైతే అబద్ధమూ బలంగానే చెబుతుంది.
తలకిందులుగా మళ్లీ తీశాను.
ఈసారి నుదురు నొక్కుకుపోయింది.
రెండు అబద్ధాల నడుమ ఎక్కడో
ఆమె నుదురు దొరికింది.

ఎడమవైపు ఒక తెల్లచుక్క, పత్తిగింజంత.
దిద్దాను. మళ్లీ దిద్దాను.
యుగంధర్ "ఇది కూడా దెయ్యమేనా సార్" అన్నాడు.
అది జరగలేదు.

బయటికొచ్చి అడిగింది:
"మీ మగ్గం మా మగ్గం కన్నా గోల. ఏటి నేసింది?"
చుక్క సంగతి డాక్టరు చెప్పాలి.
నేను తిరుగు వరసల సంగతి చెప్పాను.
"ఎల్లిన నాడె బేగి రాకపోతే
అంచు వంకరపోద్ది. మాకు తెల్దేటి" అని నవ్వింది.
నవ్వు ఒకవైపే లేచింది.

ముక్కుపుడక ఎడంచేత్తో పెట్టుకోబోయింది.
మర తిరగలేదు.
కాసేపు చూసి
కొంగున ముడేసుకుంది.