ఐదు తలుపులు, ఒక బోరు

గుణుపురం దాటి, వంశధార గట్టు వెంట
ఆటోలో ఇరవై రూపాయల దూరం.
రేకుల కప్పు, ఒకే వరసలో ఐదు తలుపులు,
పెరట్లో ఒక బోరు, రెండు మరుగుదొడ్లు.

బృందావన పాఢీ
ఇంటిని పొగిడినంతసేపూ తెలుగులో పొగిడాడు,
ధర దగ్గరకొచ్చేసరికి ఒడియాలోకి దిగాడు.
రెండిట్లోనూ బేరమాడగలనని
ఆయనకింకా తెలీదు.

జాకెట్లు కొలిచే టేపు సంచీలోనే ఉంది.
మూడో గది గోడకి పగులు,
భుజం నుంచి మణికట్టు దాకా, పొడుగు చేతి కొలత.
"పైపూతలోనిదే" అన్నాడు.
పైపూత పగుల్లో చిటికెనవేలు దూరుతుందా?

బోరు కొట్టి చూశాను.
పదకొండో దెబ్బకి నీళ్ళు.
ఎండాకాలం ఎన్నో దెబ్బకొస్తాయని
ఆయన్నడగలేదు,
బిందెతో నిలబడ్డ గుంటనడిగాను.
"అప్పుడు ఏటికెళ్తాం" అంది.

మొదటి గదిలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు,
గుమ్మంలో ఏడు జతల బూట్లు.
రెండోదాంట్లో తాపీమేస్త్రీ. ఐదోది తాళం.
నాలుగోదాంట్లో మొంజులా సొబొరో,
అంగన్‌వాడీలో వంట, నాలుగు నెలల అద్దె బాకీ.
"ఖాళీ చేయించి అప్పజెప్తా"
సున్నం వేయించి అప్పజెప్తా అన్న గొంతుతోనే అన్నాడు.
ఆమె పొయ్యి ఊదుతూ వింది.

రాత్రి కటింగు కాగితం వెనక లెక్క రాశాను.
గదికి పద్దెనిమిది వందలు. ఒక గది ఎప్పుడూ ఖాళీ అనుకుంటే
ఏడు వేల రెండు వందలు.
రేకులు, పన్ను, బోరు వాషర్లు పోగా
ఆరు వేలు మిగిలితే గొప్ప.
బ్యాంకు వాయిదా ఆరు వేల నాలుగు వందలు.
ఆ పై నాలుగు వందలకి ఎన్ని జాకెట్లు కుట్టాలో
నా మెడ నరానికి తెలుసు.

ఇంకా పర్చా సంగతి ఉంది.
పాఢీ మామగారి పేరుకి ముందు ఎవరి పేరుండేదో
తహసీలులో అడగాలి.
సవరోళ్ళ నేలైతే
ఎంత పోసి కొన్నా నాది కాదు.
కాకూడదు కూడా.

పంతొమ్మిదేళ్ళలో ఆరిళ్ళు మారాను,
ప్రతిసారీ మిషను రిక్షాలో, నేను వెనక నడిచి.
ఒకటో తారీకు పొద్దున్నే
వాకిట్లో ఆగే చెప్పుల చప్పుడు
నిద్రలోనైనా గుర్తుపడతాను.
ఆ చెప్పులు నా కాలికి పడతాయా?
పడితేనే భయం.

పొద్దున్న పాఢీకి ఫోను చేసి ఒడియాలో చెప్పాను:
అడ్వాన్సు ఇప్పుడివ్వను.
వాన కురిసే రోజు మళ్ళీ వస్తా,
నాలుగో గదిలో గంటసేపు కూర్చుంటా.
అప్పటిదాకా ఆమెని కదపొద్దు.

కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత తెలుగులోనే అన్నాడు,
"ఇంకో పార్టీ తిరుగుతున్నారమ్మా."

తిరగనీ.
మబ్బు ఇంకా కొండ దిగలేదు.
హుక్కులు కుట్టాల్సినవి
పద్నాలుగు జాకెట్లున్నాయి.