సుమారు పదకొండు

కాసిమేడు రేవులో చేపల వేలం పాడే మా అమ్మ గొంతే నాది.
అందుకే కోస్ట్‌గార్డు ఓడలో మైకు నా చేతికిచ్చారు.
ఆ రాత్రి డ్యూటీలో అరవం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఇవి భారత జలాలు. పడవ వెనక్కి తిప్పుకోండి."
మూడుసార్లు చెప్పాలి, రూలు.
మొదటిసారికి ఎవరూ కదల్లేదు.
రెండోసారికి ఓ ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.
గాలి అటే కొడుతోంది,
విన్నాడని నాకు తెలుసు.
మూడోసారి నోరు తెరవకముందే
చుక్కాని పట్టుకున్న పిల్ల అరిచింది:
"అన్నా, ఈ ఇంజనుకు రివర్సు లేదు!"

నిజం చెప్తున్నా, నవ్వొచ్చింది.

రెండు క్యాన్ల నీళ్లు దించాం, ఓ పెట్టెడు బిస్కెట్లు,
ఇరవై లీటర్ల డీజిలు.
పోవడానికి సరిపోతుంది,
మళ్లీ రావడానికి చాలదు.
ఆ లెక్క ఎవరు కట్టారో అడగలేదు.

లాగ్‌బుక్కు నన్నే రాయమన్నాడు ఆఫీసరు.
ఎంతమంది?
పది దాకా లెక్కపెట్టాను.
టార్పాలిన్ కింద ఏదో కదిలింది,
మూటో, మనిషో.
సుమారు, అని రాసి
పదకొండు వేశాను.

ఇప్పుడు సెలవు. రాయపురంలో ఇల్లు.
వంజరం ముక్కలకు కారం పట్టిస్తూ అమ్మ
"గొంతేమైందిరా, ఉప్పునీళ్లు పుక్కిలించు" అంది.
ఉప్పునీళ్లు.
పుక్కిలించాను.

సందులోకి ఐసు వ్యాను వెనక్కి వస్తోంది,
కీచుమంటూ ఆగి ఆగి హారను.
ఎంతసేపటికీ ఆపడే.