రెండడుగులు తక్కువ

నా పాత బోర్డు తొమ్మిదడుగులు.
నీలం రంగు, మెత్తటి నురగది.
సెబూ కుర్రాడు రోమెల్ సొంతూరు వెళ్లిపోతూ
మూడొందల దిర్హాములకిచ్చాడు, మైనం ముక్క కొసరు.
సత్వాలో మా గదికి తెచ్చిన రోజు
లిఫ్టులో కింది మూల నుంచి పై మూలకి
ఏటవాలుగా దూర్చాను.
లిఫ్టు మెకానిక్‌ని. ఏ డబ్బాలో ఎన్ని అంగుళాలుంటాయో నాకు తెలుసు.

మూడు చలికాలాలు మోసింది నన్ను.
శమాల్ గాలి విసిరి విసిరి అలిసిన మర్నాడు
ఉమ్ సుఖీమ్ ఒడ్డున నడుమెత్తు కెరటాలు లేస్తాయి.
మా పూడిమడక చిన్నాన్న చూస్తే
"ఇదేటి, పళ్లెంలో గంజి ఊపినట్టుంది" అంటాడు.
ఆ గంజి మీదే ముందు మోకాళ్ల మీద లేచాను,
తర్వాత పాదాల మీద.
ఏ తప్పు చేసినా క్షమించేది ఆ బోర్డు.
అందుకే విసుగొచ్చింది.
ఎటు వంగినా పెళ్లివారి బస్సులాగ
తీరిగ్గా ఆలోచించుకుని గానీ మళ్లదు.

పోయిన జనవరిలో ఒకరిని బతిమాలి
ఆరడుగులది ఎక్కాను.
బోర్లా పడుకుంటే గెడ్డం దాకా ములిగింది.
జబ్బలు లాగేసేలా చేతులాడించాను.
కెరటం నన్ను పలకరించకుండా
కిందనుంచి వెళ్లిపోయింది.

అల్ కూజ్‌లో, టైర్ల కొట్టు వెనక, దాద్ కరీమ్ షెడ్డు.
పడవలకి పగుళ్లు పూస్తాడు, బోర్డులకీ.
గోళ్ల నిండా రెజిన్. గ్వాదర్ మనిషి.
"బరువెంత?"
"డెబ్బై రెండు."
"రాత్రి బిర్యానీతోనా, లేకుండానా?"
నవ్వలేదు. నిజంగానే అడిగాడు.
"అడుగులు తర్వాత. లీటర్లు చూడు."
లీటర్లు నాకు కొత్తా?
లిఫ్టు ఆగిన రోజుల్లో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా
భుజాన నాలుగంతస్తులు ఎక్కించినవాణ్ణి.
"అవి నువ్వు మోసేవి. ఇవి నిన్ను మోసేవి," అన్నాడు.
"మా ఊరి సముద్రమైతే ఆరడుగులే ఇద్దును.
ఈ నీళ్లకి సత్తువ తక్కువ.
పొడుగు కొయ్యి. వెడల్పు కొయ్యకు."

గోడకి మూడు ఆనించి ఉన్నాయి.
తెల్లది, సూది ముక్కుది, చూడగానే ప్రాణం లాగింది.
అరచెయ్యి దాని అంచు వెంట దానంతటదే నడిచింది.
మా అయ్య తెప్ప దుంగలని వేలి కణుపుతో కొట్టి వినేవాడు.
ఎండిన దుంగది ఒక గొంతు,
నీళ్లు తాగినదానిది ఇంకో గొంతు.
కొట్టాను.
తెల్లది తాగి ఉంది.
దాద్ కరీమ్ కళ్లెత్తి చూశాడు.
"ఎవరు నేర్పారు?"
చెప్పాను. టీ తెప్పించాడు.

తీసుకున్నది మూడోది.
ఏడడుగులు, ఆవపిండి రంగు,
కోనాం తోకలాగ చీలిన వెనక,
ఎడమ పక్క జానెడు మాసిక.
అయిదొందల యాభై, రెండు జీతాల్లో.

ఈసారి లిఫ్టులో నిలువునా పట్టింది.
పక్కన కూరగాయల సంచితో ఒక పెద్దాయనకి
చోటు కూడా మిగిలింది.

"పెద్దది అమ్మేస్తా" అన్నాను గదిలో.
లింబాద్రి గరిటె ఆపాడు.
"అమ్ముతవా? మరి మేమేడ తినాలె?"
నిజమే.
రెండు పెయింటు బకెట్ల మీద బోర్లించి, పైన పేపరు పరిచి
మూడేళ్లుగా దాని మీదే ఆరుగురం తింటున్నాం.
పైన నా పాదాలు రుద్దిన మైనం,
అడుగున చింతపండు చారు మరకలు.
నేను ఆదివారం పూట దాన్ని పట్టుకుపోతే
వీళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకునేవారట.
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

అమ్మలేదు.
పచ్చది తలుపు వెనక నిలబడి ఉంది,
కొత్త మైనం, కొబ్బరి వాసన.
పది రోజులైంది, సముద్రం ఇస్త్రీ చేసినట్టుంది.
దాని మీద లేవగలనో లేదో ఇంకా తెలియదు.
రోజూ రాత్రి కంచం ముందు పెడుతూ
లింబాద్రి అడుగుతాడు:
"గాలి అచ్చిందా?"
ఏసీ మోతలో చెవి పెట్టి వింటాను.
రాలేదు.
"అయితే తిను."