పది నలభై ఒకటి

మా కౌంటీ ఆఫీసులో నేల ఉండదు,
నేల గురించిన మాటలుంటాయి.
ఒక్క చేత్తో ఎత్తలేని పుస్తకాలు,
లాగితే ఇనుప రోలర్ల మీద గరగరమంటూ వస్తాయి.
ఏది తెరిచినా
ఎప్పుడో కూలిన తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై,
వాగు తిరిగినచోటల్లా తిరిగి,
బెంటన్ గారి కంచె మూల రాయిని తాకి,
మళ్ళీ ఆ లేని చెట్టు దగ్గరికే వస్తుంది గీత.
చెట్టు పోయింది. వాగు పక్కకి జరిగింది.
బెంటన్ ఎవరో అడిగితే చెప్పేవాళ్ళు లేరు.
హద్దు మాత్రం కదల్లేదు.

కెంటకీ కొండల్లో ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే:
మార్జిన్ కొలవడం,
నోటరీ ముద్రను బొటనవేలితో తడిమి చూడటం,
గంటా నిమిషంతో సహా స్టాంపు గుద్దడం.
ఒక్కోసారి ఎవరు ముందు కొన్నారన్నది కాదు,
ఎవరు ముందు ఈ బల్ల దగ్గరికి వచ్చారన్నదే నెగ్గుతుంది.
విడిపోయిన మొగుడొచ్చి
"నాకు హక్కు ఉంటే గింటే వదులుకుంటున్నాను"
అన్న కాగితం ముందుకు నెడతాడు.
ఉంటే గింటే!
పంతొమ్మిదేళ్ళ కాపురానికి చట్టం దగ్గర ఉన్న మాట అది.

మొన్న మంగళవారం వెర్లిన్ స్టిడమ్ వచ్చాడు.
ఎనభై ఒక్కేళ్ళు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.
కాఫీ డబ్బాలోంచి తీసిన కాగితం
విప్పినకొద్దీ చుట్టుకుపోతోంది.
ఒక మూల స్టాప్లర్, ఒక మూల నా టీ కప్పు పెట్టి చదివాను.
1979 అక్టోబరు. వాళ్ళమ్మ సంతకం, కొద్దిగా వణికింది.
"పది డాలర్లకూ, ప్రేమాభిమానాలకూ గాను
నా కొడుకు వెర్లిన్‌కు, పుత్ర పౌత్ర పారంపర్యంగా..."
పక్కా దస్తావేజు. పుస్తకానికి ఎక్కనిది.

"ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదు?"
అడగకూడదు. నా అధికారం మార్జిన్ వరకే.

"ఎవరి భూమి ఎవరికి వెళ్ళిందో
గురువారం పేపర్లో వేస్తారు కదా, డ్రీమా.
ఒలీటా ముందు ఆ పేజీయే తిప్పేది."

ఒలీటా అతని చెల్లెలు.
అమ్మ ఎవరికీ ఏమీ రాయలేదనీ
సగం తనదేననీ నమ్మి
దిగువ చెక్కలో చిక్కుడు వేసింది,
బావికి రేకు కప్పించింది,
పన్నులో సగం ఏటా డిసెంబరులో
చిల్లరతో సహా అన్న చేతిలో పెట్టింది.
వద్దంటే అనుమానం వస్తుందని తీసుకున్నాడు.
నలభై ఐదేళ్ళు
డబ్బాలో కాగితం, పంటి కింద మాట.

శనివారం ఒలీటాను పూడ్చారు.

కోటు జేబులోంచి రెండో కాగితం తీశాడు,
ఇంకా మడత పాతబడనిది.
అందులో సగం, ఒలీటా కూతురు జొనెల్‌కు.
పది డాలర్లకూ, ప్రేమాభిమానాలకూ గాను.
లాయరు అలవాటుగా రాశాడో
ఈయనే అడిగి రాయించాడో.

ఏది ముందో తప్పకూడదు.
తల్లిది ముందు పడకపోతే
ఇవ్వడానికి ఇతని దగ్గర ఏమీ ఉండదు.
గుద్దాను. పది నలభై ఒకటి.
రెండోది చేతిలోకి తీసుకుని
గడియారం ముల్లు కదిలేదాకా, కావాలనే, ఆగాను.
వరుసలో వెనక మనిషి దగ్గాడు.
కొండ అంచు నుంచి వాగు దాకా
చేనంతా పుస్తకం సాక్షిగా తనొక్కడిదే అయిన ఆ నిమిషం
వెర్లిన్ రెండు చేతులూ బల్లకు ఆనించి నిలబడ్డాడు.
బయట ఎవరి ట్రక్కులోనో కుక్క మొరుగుతుంటే
అటు చూశాడు.
పది నలభై రెండు.

"రసీదులు రెండూ కావాలా?"
"రెండోదానిది చాలు."

ఫీజు ఒక కవరులోంచి తీసి కట్టాడు.
అన్నీ పాత నోట్లు, అంటుకుపోయినవి.
కవరు మీద పెన్సిలుతో, ఆడచేతి రాతలో,
డిసెంబరు అని ఉంది.
ఈసారి ఏమీ అడగలేదు.
రెండు డాలర్లు తిరిగిచ్చాను.
లెక్క చూసుకోకుండా
మళ్ళీ ఆ కవరులోనే పెట్టుకున్నాడు.